16 ఎం.ఎం. ప్రొజెక్టర్: హమ్ పోయింది, స్వరంలో వణుకు మిగిలింది

నా పాత 16 ఎం.ఎం. సినిమా ప్రొజెక్టరును బాగుచేస్తున్నాను. ఫిల్ము అంచున ఉన్న సౌండ్ ట్రాక్ మీద వెలుగు ప్రసరించే ఎగ్జైటర్ ల్యాంపుకు డి.సి. సరఫరా ఇవ్వగానే 100 హెర్ట్జ్ హమ్ (ఎడతెగని గుంయ్ శబ్దం) మాయమైంది, కొత్త బెల్టు కూడా చక్కగా కుదిరింది. స్వరంలోని వణుకు మాత్రం ఇంకా నన్ను పీడిస్తూనే ఉంది.

పరీక్షకు నేను వాడుతున్నది ఒక పాత డాక్యుమెంటరీలోని హరికథ భాగం. అందులోని శ్రుతిపెట్టె నాదం కదలకుండా నిలిచి ఉంటుంది కనుక ఏ చిన్న ఒడుదొడుకైనా చెవికి దొరికిపోతుంది. ఆ నాదం ఈ యంత్రంలో గరగరలాడుతోంది. ఆ వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చే ఫోటోసెల్ అవుట్‌పుట్‌ను కంప్యూటరులో రికార్డు చేసి స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దం ఉందో చూపే పటం) చూస్తే, 300 హెర్ట్జ్ శ్రుతికి ఇరుపక్కలా 276, 324 దగ్గర రెండు శిఖరాలు కనిపించాయి, అసలు శ్రుతితో పోలిస్తే వాటి స్థాయి మైనస్ 28 డెసిబెల్స్. తేడా సరిగ్గా 24 హెర్ట్జ్. ఈ ఫిల్ములో ఫ్రేముకు ఒక రంధ్రం, సెకనుకు 24 ఫ్రేములు; అంటే ప్రతి రంధ్రం స్ప్రాకెట్ (ఫిల్మును లాగే పళ్ల చక్రం) పన్ను మీదికి వచ్చినప్పుడల్లా ఫిల్ము ఒక్కసారి అదురుతోందన్నమాట.

ఎందుకో తెలుసుకోవడానికి ప్రింటును కొలిచాను. కొత్త ఫిల్ములో 100 రంధ్రాల దూరం 762 మిల్లీమీటర్లు ఉండాలి, ఇక్కడ 755 మాత్రమే ఉంది, అంటే 0.9 శాతం కుదించుకుపోయింది, అందుకే రంధ్రాలు పళ్లకు సరిగ్గా కుదరడం లేదు. తిరుపతి ఎండల్లో ఏళ్ల తరబడి రేకు డబ్బాలో మగ్గిన ఎసిటేట్ ఫిల్ముకు ఇది సహజమే, మూత తీయగానే ఆ ఫిల్ము పాడవుతోందని చెప్పే పుల్లటి వాసన కూడా వచ్చింది. విశేషమేమిటంటే, కుదింపు వల్ల శ్రుతి మారదు: సౌండ్ ట్రాక్ కూడా ఫిల్ముతోపాటే కుదించుకుపోతుంది, ఫ్రేములు సెకనుకు 24 చొప్పునే నడుస్తాయి. మూకీల కాలంలో వేగం కొంత అటూ ఇటూ అయినా కన్ను సర్దుకునేది, కానీ 1931లో ‘ఆలం ఆరా’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ తెచ్చిన టాకీల యుగంలో చెవి ఆ సడలింపు ఇవ్వలేదు.

చిత్రానికి 26 ఫ్రేముల ముందు, అంటే దాదాపు 198 మిల్లీమీటర్ల దూరంలో, శబ్దాన్ని చదివే డ్రమ్ము ఉంటుంది. స్ప్రాకెట్ అదురును అక్కడికి చేరకుండా ఆపవలసినవి ఫ్లైవీలు (డ్రమ్మును నిలకడగా తిప్పే బరువైన చక్రం), టెన్షన్ రోలరు (స్ప్రింగుతో ఫిల్మును బిగువుగా ఉంచేది). డ్రమ్ము బేరింగులోని గట్టిపడ్డ గ్రీజును కడిగి కొత్తది వేసినా తేడా రాలేదు. డయల్ గేజితో చూస్తే డ్రమ్ము ఊగిసలాట 0.02 మిల్లీమీటర్లే, 24 మిల్లీమీటర్ల వ్యాసానికి అది లెక్కలోకి రాదు. చివరికి రేణిగుంట రోడ్డులోని లేతు పనివాడి దగ్గర మెత్తని స్ప్రింగు చుట్టించి రోలరుకు బిగించాను. పక్క శిఖరాలు మైనస్ 40కి దిగాయి! అయితే ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఇప్పుడు శ్రుతి సెకనుకు ఒకటిన్నర సార్ల చొప్పున మెల్లగా ఎక్కి దిగుతోంది. డ్రమ్ము సెకనుకు సుమారు 2.4 సార్లు తిరుగుతుంది కాబట్టి దోషం దానిది కాదు. మెత్తని స్ప్రింగు, బరువైన ఫ్లైవీలు కలిసి ఊయలూగుతున్నాయని నా అనుమానం.

దీన్ని సాఫ్ట్‌వేరుతో సరిచేయవచ్చని కొందరి సలహా. డిజిటల్ ప్రతికి అది మంచిదే, కానీ తెర ముందు కూర్చుని వినేవారికి యంత్రమే సరిగ్గా పలకాలి. ఇలాంటి పాత ప్రింట్ల మీద ఐకీ కంపెనీ ప్రొజెక్టర్ల సున్నితమైన నడకే నాకు నచ్చుతుంది, కానీ చేతిలో ఉన్నదాన్ని వదలదలచుకోలేదు. రోలరు చేతికి చిన్న గిన్నె అమర్చి, చిక్కని సిలికాన్ నూనెలో ఒక రెక్క మునిగేలా చేస్తే ఊగిసలాట అణగాలి. నూనె మూడు చిక్కదనాల్లో తెప్పిస్తున్నాను. అది కుదిరితే ఇంతకన్నా ఎక్కువ కుదించుకుపోయిన ప్రింట్ల కోసం స్ప్రాకెట్లు లేకుండా రోలర్లతోనే ఫిల్మును లాగే స్కానరు మొదలుపెట్టాలని ఉంది.