నాయన వైపు నుంచి

నాకు 39వ ఏట ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. మొదట చూపించుకున్న చోట, మీ అమ్మకు గానీ అమ్మమ్మకు గానీ ఈ జబ్బు ఉండేదా అని అడిగి, లేదనగానే వంశపారంపర్యం కాదని రాసి పంపారు. బయాప్సీలో ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్ అని, అంటే హార్మోన్ మాత్రలకు లొంగని రకమని తేలిన తరువాత, తిరుపతిలోనే మరొక డాక్టరమ్మ నాయన తోబుట్టువుల సంగతి అడిగారు. చిత్తూరులో ఉండిన పెద్ద మేనత్త 1991లో ‘రొమ్ము పుండు’తో పోయిందనీ, చిన్న మేనత్త ‘కడుపులో నీరు చేరి’ పోయిందనీ మా ఇంట్లో గొంతు తగ్గించి చెప్పుకునే మాట అప్పుడు నా నోట వచ్చింది. ఆమె రాయడం ఆపి, ‘ఆ నీరు అండాశయ క్యాన్సర్ వల్ల కావచ్చునమ్మా’ అన్నారు.

రక్త పరీక్షలో బీఆర్‌సీఏ1 అనే జన్యువులో, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే మార్పు ఉన్నదని వచ్చింది. తరువాత నాయనకు చేస్తే అదే మార్పు. 17వ క్రోమోజోముపై ఉండే ఈ జన్యువు తెగిన డీఎన్‌ఏను అతికించే పనిలో ఉంటుంది. దీనిని వేరుచేసి గుర్తించినది 1994లో కాబట్టి, పెద్దత్తకు ఈ సంగతి చెప్పగలవారు అప్పటికి లేరు. ప్రతి కణంలోనూ దీని ప్రతులు రెండుంటాయి. నాయన నుంచి నాకు వచ్చినది పుట్టుకతోనే చెడినది కాగా, అమ్మ ఇచ్చిన మంచి ప్రతి ఒక్కటే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చి, రొమ్ములోని ఏదో ఒక కణంలో అదీ పోవడంతో, అక్కడ తప్పులు దిద్దేది లేక కణితి మొదలైంది. తల్లి నుంచైనా తండ్రి నుంచైనా ఇది బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అమ్మ వైపు మాత్రమే అడిగి ఊరుకున్నవారి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

కీమోకు జుట్టు రాలింది. తిరుపతిలో గుండును ఎవరూ వింతగా చూడరు. కూరగాయల అంగడిలో ‘దర్శనం బాగా అయిందామ్మా’ అంటే అయిందనే చెప్పాను. రెండు రొమ్ములూ, కొన్ని నెలలకు అండాశయాలూ తీయించుకున్నాను. కీమో తరువాత కూడా కొంత కణితి మిగలడంతో ఏడాది పాటు ఓలాపరిబ్ మాత్రలు వేసుకున్నాను. డీఎన్‌ఏను బాగుచేసుకునే ఇంకొక దారిని ఆ మాత్ర మూసేస్తుంది. మొదటి దారి ముందే పోయిన క్యాన్సర్ కణం చచ్చిపోతుంది, మంచి ప్రతి మిగిలిన తక్కిన కణాలు తట్టుకుంటాయి. రక్తం తగ్గి మెట్లెక్కలేకపోయిన నెలల్లో కూడా ఈ లెక్క నాకు నచ్చింది.

తమ్ముడు ‘మగవాడికెందుకక్కా’ అని ఏడాది తప్పించుకున్నాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు. పోయిన నెల ఈ జన్యు పరీక్షకు రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు వంశవృక్షం కాగితం నింపమన్నారు. నాయన కళ్లజోడు పెట్టుకుని తన తోబుట్టువుల పేర్లు, పోయిన వయసులు తానే రాసి, చిన్నత్త పేరు పక్కన ‘కడుపులో నీరు’ అని రాసినదాన్ని కొట్టివేసి, ‘అండాశయం కావచ్చు’ అని దిద్దారు.