రక్తాక్షి నామ సంవత్సరం, భాద్రపద బహుళ అమావాస్య

మా పెదనాన్నగారికి ఒక వాక్యం కంఠతా వచ్చు. గజపతి సింహాసనస్థులైన గణపతి మహారాజులుంగారి మహాప్రధానులు గోపరాజు రామన్నగారు శాలివాహన శకం 1067 రక్తాక్షి నామ సంవత్సర భాద్రపద బహుళ అమావాస్యనాడు, సూర్యగ్రహణ పుణ్యకాలంలో, నియోగులకు గ్రామ కరణీకపు మిరాశీలు, అంటే ఊరి లెక్కలు రాసే వంశపారంపర్య హక్కులు, ధారపోశారన్నది దాని సారాంశం. పెళ్ళిచూపుల్లో, ఉపనయనాల్లో, బంతి భోజనాల దగ్గర ఆయన దీనిని వినిపిస్తారు. వినిపించిన ప్రతిసారీ మా వంశం కాకతీయుల కొలువు దాకా వెళ్ళి వస్తుంది. గుంటూరు ప్రాంతపు గ్రామ కైఫీయతులను, అంటే ఊళ్ళ పాత వృత్తాంతాలను, తిరగేసేదాకా ఆ మాట మా ఒక్క ఇంటిదేనని నేనూ నమ్మాను. తీరా చూస్తే అదే వాక్యం ఊరి పేరు, కరణం గోత్రం మాత్రం మారి పదుల సంఖ్యలో ఊళ్ళ కైఫీయతుల్లో ఉంది.

కిందటి మాఘమాసంలో పెదనాన్నగారిని వెంటబెట్టుకొని హనుమకొండ వెళ్ళాను. వేయి స్తంభాల గుడిలోని రుద్రదేవుడి శాసనాన్ని ఆయనకు చూపించాలన్నది నా ఉద్దేశం. మూల పురుషులకు మిరాశీ ఇచ్చిన రాజుగారి గడ్డను కళ్ళారా చూడాలన్నది ఆయన ఉద్దేశం. ఆ శాసనం శక 1084 చిత్రభాను సంవత్సర మాఘ శుద్ధ త్రయోదశి నాటిది, అంటే క్రీ.శ. 1163 జనవరి. సంస్కృతంలో ఉన్న ఆ శాసనాన్ని రచించినవాడు అచింతేంద్రుడు. రుద్రేశ్వర, వాసుదేవ, సూర్య దేవులకు త్రికూటాలయం కట్టించిన రుద్రదేవుడు తన తండ్రి ప్రోలరాజు పరాక్రమాన్ని, తన విజయాలను అందులో చెప్పించుకున్నాడు. గణపతిదేవుడి ప్రసక్తి అందులో లేదు, ఉండే అవకాశమూ లేదు. రుద్రదేవుడి తరువాత తమ్ముడు మహాదేవుడు, అతడి తరువాత మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు రాజులయ్యారు. గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో. మా వాక్యంలోని శకం 1067 అంటే 1144-45. అంటే మా పూర్వులకు మిరాశీ ఇచ్చిన మహారాజు, ఆ మిరాశీ ఇచ్చిన తరువాత యాభై అయిదేళ్ళకు గాని రాజు కాలేదు.

1145లో హనుమకొండలో ఉన్నది రెండో ప్రోలరాజు. ఆయన అప్పటికి స్వతంత్రుడు కూడా కాడు, కల్యాణి చాళుక్యుల సామంతుడు. ఆ సంగతికి సాక్ష్యం అదే ఊళ్ళో పద్మాక్షి గుట్ట మీద ఉంది. 1117 నాటి అక్కడి శాసనం ప్రోలరాజు మంత్రి బేతన పెగ్గడ భార్య మైలమ కదలాలయ బసది అనే జైన గుడిని కట్టించిన విషయాన్ని చాళుక్య విక్రమ శకంలో తేదీ వేసి మరీ చెబుతుంది. సామంతుడు కాబట్టే ప్రభువు శకం. మంత్రి పేరు కోసం వెతికిన మాకు గోపరాజు రామన్నకు బదులు ఒక జైన శ్రావకురాలి భర్త దొరికాడు. పెదనాన్నగారు ఆ గుట్ట మెట్లమీద కూర్చొని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకో చిక్కు ఉంది. 1145 నాటికి గుంటూరు సీమ హనుమకొండ ఏలుబడిలో లేనే లేదు. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు ఏలుతున్న నేల అది. పరాయి రాజు ఊళ్ళలో కరణీకాలు పంచే అధికారం ప్రోలరాజుకు గాని, ఇంకా పుట్టని మనుమడికి గాని ఎక్కడిది?

పెదనాన్నగారు మాత్రం తేలిగ్గా లొంగే మనిషి కాదు. మధ్యాహ్న భోజనం దగ్గర వేళ్ళు మడిచి లెక్క చూశారు. "ఒరే, రక్తాక్షి అరవై ఏళ్ళకోసారి వస్తుంది కదరా. శకం అంకె ఎవడో తప్పు రాసుంటాడు. 1204లోనూ రక్తాక్షే. అప్పుడు గణపతిదేవుడు రాజే కదా!" అన్నారు. వాదన నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. 1204-05 నిజంగానే రక్తాక్షి, గణపతిదేవుడు నిజంగానే రాజు, కృష్ణాతీరం మీద ఆయన పట్టు అప్పుడప్పుడే బిగుస్తోంది. అయితే శకం అంకె పొరపాటు అనుకోవడం కష్టం, ఎందుకంటే వర్తమానశకంగా, అంటే నడుస్తున్న ఏడాదిని కూడా కలిపి, లెక్కిస్తే 1067, రక్తాక్షి ఒకదానికొకటి సరిగ్గా అతుకుతాయి. పంచాంగం తెలిసిన కరణం ఎవరో శ్రద్ధగా కూర్చిన తేదీ అది. తేదీ కుదిరింది, రాజు కుదరలేదు.

ఆ కూర్చినవారు ఎప్పటివారో చెప్పే ఆనవాలు వాక్యం మొదట్లోనే ఉంది. కాకతీయులు ఏనాడూ గజపతులు కారు. గజపతులు 1434లో ఒడిశాలోని కటకంలో రాజ్యానికి వచ్చి, తరువాత కొండవీటి దాకా ఏలి, 1515లో కృష్ణదేవరాయలకు ఆ దుర్గాన్ని వదులుకున్నవారు. కాకతి గణపతినీ కటకపు గజపతినీ ఒకే సింహాసనం మీద కూర్చోబెట్టిన జ్ఞాపకం, ఆ ఇద్దరూ పోయి చాలాకాలం గడిచాక పుట్టినదై ఉండాలి. కైఫీయతులు కాగితం మీదికి వచ్చింది పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి వివరాలు సేకరించినప్పుడు. వారికి చెప్పినదీ రాసి ఇచ్చినదీ చాలాచోట్ల కరణాలే. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. 1802లో కరణాల మీద ప్రత్యేకంగా ఒక రెగ్యులేషనే చేశారు. కొత్త దొర వచ్చి నీ మిరాశీకి మూలమేమిటని అడిగే కాలంలో, దొర ఎరగనంత పాత రాజు పేరు చెప్పడం తెలివైన పనే. దానిని అబద్ధం అనడానికి నాకు మనసొప్పదు, దస్తావేజు అనడానికీ ఒప్పదు.

ఆ మాటకొస్తే గణపతిదేవుడు మాత్రం ఏం తక్కువ తిన్నాడు? 956 నాటి మాంగల్లు శాసనంలో కాకర్త్య గుండన వేంగి చాళుక్య దానార్ణవుడి చేత ఒక దానం ఇప్పించిన యోధుడు. అదే వంశంలో పుట్టిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయిస్తూ తన వంశాన్ని సూర్యవంశంతో కలిపాడు. కాకతీయుల వర్ణం పేర్కొన్న శాసనాల్లో ఎక్కువ భాగం వారిని చతుర్థ వర్ణం వారనే చెబుతాయి. ఆ మోటుపల్లి శాసనంలో నాకు ముచ్చటగా తోచేది వంశావళి కాదు; గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకమే తీసుకుంటానని రాజు ఇచ్చిన మాట.

ఇంటికి వచ్చాక మా కుటుంబానికి నిజంగా ఆధారమున్న పాత పేరేదో వెతికాం. 1860 ప్రాంతపు ఇనాం రిజిస్టరు నకలులో, ఒక భూమి తగాదా పుణ్యమా అని ఎప్పుడో తీయించినదానిలో, మా తాతగారి ముత్తాత పేరు ఉంది. అంతకు ముందు ఏమీ లేదు. తద్దినంలో మేము చెప్పేవి మూడు తరాల పేర్లే, నాలుగో తరం ఎవరని పురోహితులు అడిగితే నీళ్ళు నమలడమే. మధ్యలో ఏడు శతాబ్దాలు ఖాళీగా ఉంచి ఆవలి ఒడ్డున మాత్రం ఒక మహాప్రధానిని నిలబెట్టుకున్నాం.

వంశపారంపర్య కరణీకాలు 1984 జనవరిలో రద్దయ్యాయి. అప్పటికి పెదనాన్నగారే మా ఊరి కరణం. ఆ ఏడాది ఉగాదితో వచ్చిన సంవత్సరం పేరు చూడమని పంచాంగం ఆయన చేతికిచ్చాను. రక్తాక్షి. 1144 నుంచి సరిగ్గా పద్నాలుగు ఆవృత్తాలు. ఆయన చాలాసేపు దానివైపు చూసి, "మూడు నెలలు ఆగి తీసేసి ఉంటే లెక్క సరిపోయేదిరా" అన్నారు.