మోడెస్టో వీధుల్లో, నెమ్మదిగా

జూన్ నెలలో మోడెస్టో వెళ్లేవాళ్లకి పాత కార్లను వెతుక్కునే పని ఉండదు. గ్యాస్ స్టేషన్లలో, కాఫీ షాపుల ముందు, ఇళ్ల వాకిళ్లలో ఎక్కడ చూసినా అవే. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో బాదం తోటల నడుమ ఉన్న ఈ ఊరు ఏటా జూన్‌లో 1962 నాటి వేసవిని పండగలా జరుపుకుంటుంది. కారణం ఒక సినిమా, జార్జ్ లూకస్ తీసిన ‘అమెరికన్ గ్రాఫిటీ’. 1962 వేసవిలో ఒక్క రాత్రి కార్లేసుకుని ఊళ్లో తిరిగే కుర్రాళ్ల కథ అది. లూకస్ 1944లో ఈ ఊళ్లోనే పుట్టాడు. ఇక్కడి వీధుల్లోనే రాత్రిళ్లు కారేసుకుని తిరిగాడు. స్టార్ వార్స్ తీసినాయన అని లోకమంతా అంటుంది గానీ, నాకు మాత్రం ఆయన ముందుగా ఈ సినిమా తీసినాయనే. అమెరికా వచ్చిన కొత్తలో లైబ్రరీ నుంచి డీవీడీ తెచ్చుకుని చూశాను. అందులో ఉన్నది నా చిన్నతనం కాదు, నా ఊరు కాదు. అయినా ఆ రాత్రి తెల్లవారకపోతే బాగుండనిపించింది.

ఈసారి మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. నిజానికి తనే నన్ను తీసుకెళ్లింది. పదహారేళ్లు నిండాయి, లైసెన్స్ కొత్తగా వచ్చింది, స్టీరింగ్ తనదే. ఫ్రీమాంట్ నుంచి 680 హైవే, అక్కడి నుంచి 580 పట్టుకుని ఆల్టమాంట్ కనుమ ఎక్కాం. గాలిమరల కొండలు దాటి దిగేసరికి బే ఏరియా చల్లదనం వెనకే ఉండిపోయింది. కిటికీ దించితే వేడిగాలి మొహానికి కొట్టింది. ట్రేసీ, మాంటీకా దాటి 99 మీద దక్షిణానికి తిరిగితే ఇంక అన్నీ తోటలే.

ఊళ్లోకి వెళ్తుంటే 1912లో కట్టిన పాత ఆర్చి కనిపిస్తుంది. నీరు, సంపద, తృప్తి, ఆరోగ్యం అని దాని మీద లైట్లతో రాసి ఉంటుంది. కాలవ నీళ్లతో పైకొచ్చిన ఊరు, ఆ గర్వం అక్కడ కనిపిస్తుంది. ఎత్తుపల్లాలు లేని నేల, వెడల్పాటి తిన్నని వీధులు. పగలంతా ఎండ మాడ్చేస్తుంది, పొద్దు గుంకాక గాలి తిరుగుతుంది. కుర్రాళ్లు రాత్రిపూట కార్లలో బయటపడటానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. లూకస్ రోజుల్లో 10వ వీధిలో ఇటు నుంచి వెళ్లి, 11వ వీధిలో అటు నుంచి వచ్చి, మళ్లీ మొదలు. పోవాల్సిన చోటంటూ ఏదీ లేదు. ఎవరు ఎవరి కార్లో ఉన్నారో చూడటం, పక్క కారుతో కిటికీలోంచి మాట్లాడటం, కుదిరితే సిగ్నల్ దగ్గర ఒక పందెం. ఇప్పుడు ఆ దారి పొడవునా ఆనాటి సంగతులు చెప్పే ఫలకాలు పెట్టారు. ఎండలో ఒక్కోటి చదువుకుంటూ నడిచాం.

ఫైవ్ పాయింట్స్ అనే కూడలిలో లూకస్ ప్లాజా ఉంది. అక్కడ 1957 మోడల్ షెవర్లే కారు ముందు కూర్చున్న అబ్బాయి, అమ్మాయి కంచు విగ్రహాలున్నాయి. అందరూ ఫొటోలు దిగే చోటు. మేమూ దిగి ముందుకు కదిలాం.

నేను ఎదురుచూసింది కార్ల ప్రదర్శన కోసం. అక్కడ బానెట్ తెరిచి పెట్టిన ఒక 1932 ఫోర్డ్ కూపే దగ్గర చాలాసేపు ఆగిపోయాం. పక్కన మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన మా అమ్మాయి వంగి చూస్తుంటే లేచొచ్చి, వేలు పెట్టి ఒక్కోటీ చూపించాడు. ఈ ఇంజన్‌లో వాల్వులు సిలిండర్ల పైన ఉండవు, పక్కనే బ్లాకులో ఉంటాయి. అందుకే పైన బిగించిన హెడ్డు చదునుగా ఉంటుంది, ఫ్లాట్‌హెడ్ అనడం అందుకే. మామూలు మనుషులు కొనగలిగే ధరలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్ పెట్టిన మొదటి కారు ఇదే. ఫ్యాక్టరీలో 65 హార్స్‌పవర్‌తో బయటికొచ్చేది. కుర్రాళ్లకి అది చాలేది కాదు. హెడ్డును అరగదీసి కంప్రెషన్ పెంచేవాళ్లు, ఒక కార్బ్యురేటర్ తీసేసి రెండో మూడో పెట్టేవాళ్లు. ఈయన కారుకి మూడున్నాయి, మూడూ స్ట్రోంబర్గ్ 97లే. తుడిచి తుడిచి మెరుస్తున్నాయి. పొగ బయటికి పోయే దారులు బ్లాకు లోపలి నుంచే వెళ్లడం ఈ ఇంజన్ బలహీనత. నీళ్లు ఇట్టే మరిగిపోతాయి. సాయంత్రం జరిగే కార్ల పెరేడ్‌లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు మీదే కన్నుంచాలని చెప్పాడు.

కారు పైకప్పు మరీ కిందికి ఉండటం చూసి, ‘‘ఇది ఇలాగే వచ్చిందా నాన్నా?’’ అని అడిగింది మా అమ్మాయి. ఇలా రాదు. పైకప్పును మోసే కమ్మీలను కోసి, కొన్ని అంగుళాలు తీసేసి, మళ్లీ వెల్డింగ్ చేస్తారు. అద్దాలు కూడా కొత్తగా కోయించాలి. ముందు కమ్మీలు వాలుగా ఉంటాయి కాబట్టి కోసిన తర్వాత పైభాగం కిందిభాగంతో సరిగ్గా కూర్చోదు. అసలు పనితనం అక్కడే. ఆ అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చూసినా మాకు దొరకలేదు.

ఈ పిచ్చికి మూలం సినిమా కన్నా చాలా పాతది. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సులుండేవి. ఆ గట్టి నేల మీద కుర్రాళ్లు పాత ఫోర్డులు తోలి వేగం కొలుచుకునేవాళ్లు. వాళ్ల క్లబ్బులు కలిసి 1937లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైన్యం నుంచి ఇంటికొచ్చిన యువకుల చేతిలో కాస్త డబ్బుంది, మెషిన్ల పని తెలుసు, పాత కార్లు కారుచౌక. ఇంకేం కావాలి? ఇలా వేగం కోసం మార్చుకున్న పాత కార్లని హాట్ రాడ్లనేవాళ్లు. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ పేరుతోనే ఒక పత్రిక మొదలైంది. వీధి పందేల్లో ప్రాణాలు పోతున్నాయని, పందేలను రోడ్ల మీద నుంచి ట్రాకుల మీదికి మళ్లించడానికి ఆ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే రేసుల సంఘం పెట్టాడు. అయినా రోడ్డు మీద పందేలు ఆగలేదు.

లూకస్‌కి కూడా రేసు డ్రైవర్ అవ్వాలనే ఉండేది. 1962 జూన్ 12న, హైస్కూల్ చదువు ముగిసే రోజుల్లో, ఇంటికి మలుపు తిరుగుతుంటే ఇంకో కారు వచ్చి గుద్దింది. ఆయన నడుపుతున్న చిన్న బియాంకీనా కారు పల్టీలు కొట్టి ఒక వాల్‌నట్ చెట్టుకి తగిలింది. సీటు బెల్టు తెగి ఆయన బయటపడటం వల్లే ప్రాణం దక్కింది. ఆ తర్వాత రేసులు వదిలేసి కాలేజీకి, అక్కడి నుంచి సినిమాకి వెళ్లాడు. పదేళ్లకి ఎనిమిది లక్షల డాలర్లు కూడా దాటని బడ్జెట్‌తో ఆ వేసవినే తెర మీద పెట్టాడు.

పదేళ్లంటే ఎంత? నిన్నగాక మొన్నటి సంగతి. అంత దగ్గరి కాలం మీద అంత బెంగ ఎందుకని మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ పదేళ్లలో కెన్నెడీ హత్య జరిగింది, వియత్నాం యుద్ధం వచ్చింది. ఒక్క రాత్రి కథ ముగిశాక తెర మీద నలుగురు కుర్రాళ్ల భవిష్యత్తు రాసి చూపిస్తారు. పసుపు కూపే నడిపిన జాన్ మిల్నర్‌ని 1964లో తాగిన డ్రైవర్ గుద్ది చంపేస్తాడు. టెర్రీ 1965లో వియత్నాంలో ఆన్ లాక్ దగ్గర గల్లంతవుతాడు. అప్పటిదాకా నవ్వుతూ చూసిన రాత్రంతా ఆ నాలుగు వాక్యాలతో బరువెక్కిపోతుంది. బయల్దేరే ముందు ఇంట్లో ఈ సినిమా చూస్తున్నప్పుడు మా అమ్మాయి వెంటనే, ‘‘మరి ఆ అమ్మాయిలేమయ్యారు నాన్నా?’’ అంది. సినిమా వచ్చిన రోజుల్లోనే ఈ మాట అన్నవాళ్లున్నారు. నేను ఇన్నిసార్లు చూసీ అడగని ప్రశ్న అది. ఇంత ఇష్టమైన సినిమాలో ఇంత పెద్ద వెలితి ఉందని ఒప్పుకోక తప్పదు.

సాయంత్రం పెరేడ్‌కి ముందు ఏదైనా తిందామని 14వ వీధిలోని ఏ అండ్ డబ్ల్యూ అనే హోటల్‌కి వెళ్లాం. కారు దగ్గరికే ట్రే తెచ్చిచ్చే పాత పద్ధతి చోటు. వీళ్లమ్మే రూట్ బీర్ అనే తీపి పానీయం పుట్టింది కూడా ఇదే 99 రోడ్డు మీద, ఉత్తరాన ఉన్న లోడైలో, 1919లో. ఇందులో బీరేమీ లేదు. వింటర్‌గ్రీన్ వాసన వల్ల మొదటి గుక్క అచ్చం అమృతాంజనం నోట్లో వేసుకున్నట్టే ఉంటుంది. మంచుగడ్డ కట్టిన గ్లాసులో పైన ఐస్‌క్రీం వేసి ఇచ్చారు. సగం అయ్యేసరికి అలవాటైపోయింది.

పెరేడ్ మొదలయ్యేసరికి వీధికి రెండువైపులా కుర్చీలు వేసుకుని జనం నిండిపోయారు. వందల కార్లు. 55 షెవర్లేలు, 58 ఇంపాలాలు, ఆకాశంలోకి లేచిన రెక్కల క్యాడిలాక్‌లు, కింద నేల తాకుతాయేమో అన్నంత దిగిన 51 మెర్క్యురీలు. ఒక్కో కారు ఇంజన్ చప్పుడు ఒక్కోలా ఉంది. పొగ వాసన గొంతులో పట్టుకుంది. సినిమాలో అందరి రేడియోల్లోనూ ఒకే స్టేషన్ మోగుతుంటుంది. ఒక కార్లో వినపడిన పాట పక్క కార్లో కొనసాగుతుంది. ఆ పాటలు నిజంగా వీధిలోంచి వినపడుతున్నట్టు ఉండాలని సౌండ్ చేసిన వాల్టర్ మర్చ్ వాటిని ఆరుబయట స్పీకర్లో మోగించి మళ్లీ రికార్డు చేశాడు. ఇక్కడ పెరేడ్‌లో ఎవరి పాట వాళ్లదే. అయినా దూరం నుంచి వచ్చి, దగ్గరై, దాటిపోయే ఆ పాటల తీరు మాత్రం అదే.

కాసేపటికి లోరైడర్లు వచ్చాయి, అంటే నేలకి బాగా దించి కట్టిన కార్లు, ఎక్కువగా మెక్సికన్ అమెరికన్ల సంప్రదాయం. 64 ఇంపాలా ఒకటి ముందు చక్రాలు గాల్లోకి లేపి దించుతుంటే పిల్లలు కేకలు పెట్టారు. నా దృష్టిలో ఈ సంబరంలో అసలు ముఖ్యమైనవి ఇవే. 1958లో కాలిఫోర్నియా చట్టం కారును చక్రం అంచు కన్నా కిందికి దించకూడదంది. దానికి జవాబుగానే కారును పైకీ కిందికీ కదిపే హైడ్రాలిక్స్ వచ్చాయి. పోలీసు కనపడితే మీట నొక్కి కారు పైకి లేపడం, దాటాక దించుకోవడం. తర్వాతి దశాబ్దాల్లో మోడెస్టోలో కార్ల తిరుగుడు మెక్‌హెన్రీ అవెన్యూకి మారింది. జనం విపరీతంగా పెరిగి, గొడవలు ముదిరి, 1990లలో ఊళ్లో అలా తిరగడం మీద నిషేధం పెట్టారు. సినిమా పేరు చెప్పుకుని బతికే ఊళ్లో ఆ సినిమాలో చేసిన పనే నేరమైంది. మిగతా ఊళ్లలోనూ అంతే. ఈ నిషేధాల దెబ్బ ఎక్కువగా మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ల మీదే పడింది. ఏళ్ల తరబడి పట్టు వదలకుండా పోరాడింది కూడా లోరైడర్ క్లబ్బులే. ఏబీ 436 అనే చట్టంతో 2024 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా ఆ నిషేధాలు చెల్లకుండా పోయాయి, కారు ఎత్తు మీద ఉన్న పాత షరతు కూడా పోయింది. 1962ని తలుచుకుని మురిసిపోయేవాళ్లందరూ ఈ రోజు వీధిలో నెమ్మదిగా కారు నడపగలుగుతున్నారంటే అది వీళ్ల పుణ్యమే. విగ్రహాల దగ్గర, ఫలకాల దగ్గర ఈ సంగతి ఇంకా గట్టిగా కనపడాలి.

మర్నాడు కాదు గానీ, తర్వాత ఒక శనివారం పెటలూమా వెళ్లాం. ఎందుకంటే సినిమా కథ మోడెస్టోదే అయినా ఒక్క సీను కూడా మోడెస్టోలో తీయలేదు. 1972 నాటికే ఊరు మారిపోయింది. శాన్ రఫేల్‌లో షూటింగ్ మొదలుపెడితే, రాత్రిళ్లు వ్యాపారం పోతోందని ఒక బార్ యజమాని గొడవ చేయడంతో అనుమతి రద్దయింది. అప్పుడు ఉత్తరాన ఉన్న, ఒకప్పుడు కోడిగుడ్ల వ్యాపారానికి పేరుపడ్డ ఈ పెటలూమాకి వచ్చారు. సినిమాలో కుర్రాళ్లు చేరే మెల్స్ డ్రైవ్ ఇన్ రెస్టారెంట్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండేది, 1976లో కూల్చేశారు. పెటలూమాలో మాత్రం పాత భవనాలు అలాగే ఉన్నాయి. మెక్‌నియర్ బిల్డింగ్ ముందు నిలబడితే ఏ కారు ఎటు నుంచి వచ్చిందో చెప్పేయొచ్చు. చివరి పందెం తీసిన ఫ్రేట్స్ రోడ్డు ఊరి బయట ఉంది. రెండువైపులా ఎండుగడ్డి, మధ్యలో తారు రోడ్డు. మా అమ్మాయి స్పీడ్ లిమిట్ దాటకుండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిపింది.

తిరుగుదారిలో రూల్స్ గురించి మాట్లాడుకున్నాం. కాలిఫోర్నియాలో పద్దెనిమిది నిండని పిల్లలకి లైసెన్స్ వచ్చిన మొదటి ఏడాది రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా సొంతంగా నడపడానికి లేదు. పక్కన పెద్దవాళ్లు లేకుండా ఇరవై ఏళ్లలోపు వాళ్లని ఎక్కించుకోవడానికీ లేదు. ఆ రూల్ వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయని తండ్రిగా నాకు తెలుసు, దాన్ని మార్చమని అడగను. కానీ సినిమాలోని ఆ రాత్రిలో సగం ఈ షరతు కిందే కొట్టుకుపోతుంది.

పెటలూమాలో ఏటా మే నెలలో, మోడెస్టోలో జూన్‌లో ఈ సంబరాలు జరుగుతాయి. వెళ్లేవాళ్లు టోపీ, నీళ్లు మర్చిపోకండి. వచ్చే ఏడాదికి రెండూ మా అమ్మాయి ఇప్పటికే ఫోన్‌లో రాసి పెట్టుకుంది. అప్పటికి తన లైసెన్స్‌కి ఏడాది దాటిపోతుంది కాబట్టి నేను రానక్కర్లేదట. స్నేహితురాళ్లని ఎక్కించుకుని తనే వెళ్తుందట. కారు మాత్రం నాదే కావాలంది.