ముద్దాయి ఎవరు?

పురానీ హవేలీ సివిల్ కోర్టులో వకీలు గుమాస్తాగా పనిచేస్తాను. మా ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్‌ది గుంటూరు వైపు. మొన్నామధ్య పాతబస్తీ నుంచి ఒక పెద్దాయన ఇంటి తగాదా పట్టుకొచ్చి, "మై ముద్దయీ హూఁ" అన్నాడు. మావాడు నన్ను పక్కకి లాగి, "ఈయన ఏం చేశాడన్నా? బెయిలొచ్చిందా?" అని అడిగాడు.

ఆయన చెప్పింది, దావా వేసేది తనేనని. అరబ్బీలో దావా, ముద్దయీ రెండూ ఒకే ధాతువులోంచి వచ్చాయి. దావా వేసినవాడు ముద్దయీ, ఎవరి మీద వేస్తే అతను ముద్దాఅలైహ్. తెలుగులోకి వచ్చేసరికి ఈ ముద్దయీ ఎలా దాటాడో గానీ కోర్టు హాలు దాటేసి బోనెక్కాడు. ఇప్పుడు ఏ పేపర్ తిరగేసినా ముద్దాయంటే నిందితుడే.

గోల్కొండ కాలం నుంచీ ఇక్కడి దఫ్తర్లలో పారసీదే పెత్తనం. నిజాం కచేరీల్లో 1880లలో ఆ కుర్చీ ఉర్దూకి దక్కింది. మాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. దాఖలు, జప్తు, నకలు, రాజీ... ఇవి లేకుండా నాకు పూట గడవదు. వాయిదా అయితే మరీ విడ్డూరం. మూలంలో దానర్థం మాట ఇవ్వడం! అమీన్ అంటే నమ్మకస్తుడు. జప్తుకి వచ్చే అమీనాకి తలుపు తీసేవాళ్లకి ఆ సంగతి చెప్పి చూడండి.

పేషీ అని మరొకటుంది. పాతబస్తీ క్లయింట్లకి అది కోర్టులో హాజరయ్యే రోజు. మా జూనియర్‌కి మంత్రిగారి ఆఫీసు. "ఎల్లుండి పేషీ ఉంది" అంటే వాడు సెక్రటేరియట్‌కి బయల్దేరేలా ఉన్నాడు.

ఇవన్నీ నవ్వుకోడానికి బాగుంటాయి. నాకు నిజంగా టెన్షన్ పెట్టేది 'పర్సోఁ'. మామూలు ఉర్దూలో మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాదీలో గడిచిపోయిన ఏ రోజైనా పర్సోఁయే, పోయినేడాది కూడా. సమన్లు అందాక 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, జడ్జి దయ తలిస్తే 90 రోజుల దాకా సాగుతుంది. "సమన్లు ఎప్పుడందాయి చాచా?" అంటే తాపీగా "పర్సోఁ" అంటారు. అందుకే నేను తారీఖు అడగడం మానేశాను. రంజాన్‌కి ముందా, తర్వాతా? బోనాలు అయిపోయాయా? అలా లాక్కుంటూ వస్తే ఏదో ఒక వారం తేలుతుంది. ఆనక కోర్టు ఫైల్లో సరిచూసుకుంటాను.