తలకిందుల జెల్లీఫిష్: పాలిప్ నుంచి ఎఫిరా దాకా

ఫిబ్రవరి

ఫ్లోరిడాలోని టాంపాలో చలి తగ్గాక పెంపకందారు దగ్గర రెండు కాసియోపియాలు (తలకిందుల జెల్లీఫిష్‌లు), చిన్న గాజుగిన్నెలో వాటి తొలిదశలైన, అడుగుకు అతుక్కుని బతికే కొన్ని పాలిప్‌లు తీసుకున్నాను. ఫ్లోరిడా కీస్ దీవుల్లో మడచెట్ల మధ్య లోతులేని నీళ్లలో కనిపించే జీవి ఇది. గొడుగును అడుగున ఇసుకకు ఆనించి, చేతులు పైకి చాపి వెల్లకిలా పడుకుంటుంది. పైనుంచి చూస్తే అచ్చం కాలీఫ్లవర్.

మూన్ జెల్లీ అనే మామూలు జెల్లీఫిష్‌కైతే మూలలు లేని ట్యాంకు కావాలి, నీళ్లు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. దీనికి ఆ బెడద లేదు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న మామూలు గాజు ట్యాంకులో మెత్తటి ఇసుక పలచగా పరిచాను. పంపు నీళ్లు లాక్కునే మూతికి స్పాంజి మాత్రం తప్పనిసరి. ట్యాంకులో గాలిరాయి (బుడగలు వదిలే రాయి) పెట్టొద్దు. బుడగలు గొడుగులో ఇరుక్కుంటే ఒళ్లు చిల్లులు పడుతుంది.

సెలినిటీ (నీళ్లలో ఉప్పు) 35 పిపిటి, అంటే వెయ్యికి 35 వంతులు, వేడి 26 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. ఆర్వో నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి వారం వారం పదోవంతు మారుస్తున్నాను. రాగి కలిసిన చేపమందులు దగ్గరికి కూడా రానివ్వను.

అన్నిటికన్నా ముఖ్యం లైటు. దీని ఒంట్లో, కణాల లోపల, కంటికి కనపడని నాచు కాపురముంటుంది. అది ఎండలో తయారుచేసుకున్న ఆహారంలో పెద్ద వాటా జెల్లీఫిష్‌కే దక్కుతుంది. వెల్లకిలా పడుకోవడం కూడా ఆ నాచుకు వెలుతురు తగలడానికే పనికొస్తుంది. పగడాలకు వాడే ఎల్ఈడీని టైమర్‌తో 12 గంటలు వెలిగిస్తున్నాను. వచ్చినప్పుడు పాలిపోయి ఉన్న చిన్నదానికి చేతుల చివర్లలో గోధుమరంగు తిరిగి పడుతోంది.

మార్చి

వెలుతురు ఒక్కటే చాలదు, మేత కూడా కావాలి. మన కోస్తాలో రొయ్యల హేచరీల్లో పనిచేసినవాళ్లకు ఆర్టీమియా గురించి చెప్పక్కర్లేదు; మేతగా వేసే చిన్న రొయ్యలాంటి జీవి అది, ఎండిన గుడ్లను నీళ్లలో పొదిగిస్తాం. లీటరు నీళ్లకు 25 గ్రాముల ఉప్పు, 28 డిగ్రీల వేడి, అడుగు నుంచి గాలి, పక్కన లైటు ఉంటే దాదాపు 24 గంటల్లో నారింజరంగు పిల్లలు వచ్చేస్తాయి. గాలి ఆపి కాసేపు ఉంచితే పెంకులు పైకి తేలతాయి. కింది నుంచి పిల్లల్ని సన్నని జాలీలోకి తీసి, బాగా కడిగి వేస్తాను. పెంకులు ట్యాంకులోకి పోతే నీళ్లు పాడవుతాయి.

పిపెట్‌తో చేతుల మీద వదిలి దగ్గర్నుంచి చూడండి. గొడుగు కొట్టుకోవడం జోరందుకుంటుంది, సన్నని జిగురు తీగలు లేస్తాయి. చేతులకు తగలకుండానే కొన్ని ఆర్టీమియాలు గిలగిలలాడి ఆగిపోతాయి. ఆ జిగురులో కాసియోసోమ్‌లనే సూక్ష్మమైన ఉండలు ఉంటాయని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఉండ పైపొరలో కుట్టే కణాలు. అవి వాటంతటవే నీళ్లలో తిరుగుతూ వేటను చంపుతాయి. ట్యాంకులో చెయ్యి పెట్టేటప్పుడు గ్లౌజులు వేసుకునేది అందుకే. జెల్లీఫిష్ కుట్టకపోయినా ఆ నీళ్లకే దురద పుడుతుంది. ఇక నోరంటారా, మధ్యలో పెద్ద నోరు లేదు. చేతుల నిండా చిన్న చిన్న నోళ్లే.

ఏప్రిల్

రాత్రి లైటు ఆరాక మసక ఎర్ర టార్చితో గొడుగు కొట్టుకోవడం లెక్కపెడుతున్నాను. పగటికన్నా బాగా తగ్గుతోంది, మధ్యమధ్య పెద్ద విరామాలు వస్తున్నాయి. 2017లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ జీవి మీదే పనిచేసి, మెదడు లేకపోయినా ఇది నిద్రపోతుందని చూపించారు. రాత్రంతా నీళ్ల తాకిడితో కదిలిస్తూ నిద్ర చెడగొడితే, మర్నాడు పగలు మందకొడిగా ఉందట. గొడుగు అంచున ఉండే రోపాలియాలనే చిన్న జ్ఞానేంద్రియాలు, ఒళ్లంతా అల్లుకున్న నాడుల వల, అంతే దీనికి ఉన్నది. నిద్ర మెదడుకన్నా పాతదేమో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. అప్పటినుంచి రాత్రి ఆ గదిలో లైటు వేయనివ్వడం లేదు.

మే

గిన్నెలో పాలిప్‌లు ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్లే. సన్నని కాడ, పైన గిన్నెలా విచ్చుకున్న నోరు, చుట్టూ సన్నని తీగల్లాంటి టెంటకిల్స్. కాడ పక్కనుంచి మొగ్గ తెగి ఈదుకుంటూ పోయి మరోచోట అతుక్కుంటోంది, ఆడామగా అక్కర్లేకుండానే. తెల్లగా ఉన్న పాలిప్‌లు పెద్ద జెల్లీ ట్యాంకు నీళ్లు కలపడం మొదలుపెట్టాక గోధుమరంగు చుక్కలు పట్టాయి. నాచు చేరిందన్నమాట. ఆ నాచు లేకుండా కాసియోపియా పాలిప్ సాధారణంగా ఎఫిరాను (ఈదే పిల్ల జెల్లీఫిష్‌ను) పుట్టించదు.

రంగు పట్టిన వాటిలో ఒకదాని టెంటకిల్స్ కుంచించుకుపోయాయి. నోటి చుట్టూ పళ్లెంలా చదునై అంచుకు గాట్లు పడ్డాయి. కాడను అంటుకునే ఉండి ఆ పళ్లెం కొట్టుకోవడం మొదలుపెట్టింది, తర్వాత తెగి విడిపోయింది. మూన్ జెల్లీ పాలిప్ వరసగా చాలా ఎఫిరాలను విడుస్తుంది, ఇది ఒక్కసారికి ఒక్కటే. మిగిలిన కాడకు మళ్లీ టెంటకిల్స్ మొలుస్తున్నాయి.

ఎఫిరాను చిన్న గిన్నెలో వేరుగా ఉంచాను. అప్పుడే పొదిగిన ఆర్టీమియా కొద్దిగా, రోజూ సగం నీళ్లు మార్పు, పైన అదే లైటు. చేతులు ఎదిగి అడుగున తిరగబడ్డాకే పెద్ద ట్యాంకులోకి మారుస్తాను.