లిస్బన్ ఎత్తుపల్లాలలో ఒక వేసవి

లిస్బన్‌కు నేను వెళ్లింది గుర్రాల లెక్కల కోసం. విజయనగర సైన్యానికి కావలసిన అరబ్బు, పారశీక గుర్రాలు పడమటి రేవుల మీదుగా వచ్చేవనీ, పదహారో శతాబ్దంలో గోవా చేజిక్కాక ఆ బేరం పోర్చుగీసువారి గుప్పిట్లోకి పోయిందనీ చరిత్ర పాఠం చెప్పే మా బోటివారికి కొత్త సంగతి కాదు. కృష్ణదేవరాయల కాలంలో హంపీని కళ్లారా చూసి, అది రోమ్ నగరమంత పెద్దదని రాసిన డొమింగో పేస్ పోర్చుగీసువాడు. ఆ తరువాత కొన్నేళ్లకు అదే రాజ్యం గురించి రాసిన ఫెర్నావ్ నూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు. మన రాయల కొలువు గురించి మనం చెప్పుకునే ముచ్చట్లలో మంచి భాగం వీరిద్దరి చలవే అయినప్పుడు, వారి మాటను ఇంగ్లీషు అనువాదం చాటు నుంచి కాక నేరుగా చదవాలన్న పట్టుదలతో ఒక వేసవి అక్కడి భాషా తరగతులలో చేరాను. ఊరి మీద నాకు ముందునుంచీ మక్కువ ఏమీ లేదు. వాస్కో డ గామా ఓడలు బయలుదేరిన రేవు మీద మన దేశపు చరిత్ర విద్యార్థికి ఉండగలిగింది కాస్త కుతూహలం, కాస్త కోపం, అంతే.

ఆ కోపానికి బెలేం పేటలో కావలసినంత ఊతం దొరికింది. నది ఒడ్డున జెరోనిముష్ మఠం ఉంది. రాతిలో ఓడ తాళ్లు, పగడపు కొమ్మలు, వింత ఆకులు చెక్కిన ఆ పనితనానికి వంక పెట్టలేము. అయితే దాని నిర్మాణానికి మాన్యుయెల్ రాజు ఆఫ్రికా, ఆసియా వర్తకం మీద విధించిన ఐదు శాతం సుంకం ఖర్చు చేశాడు, అంటే ఆ స్తంభాలలో మలబారు మిరియాల డబ్బు కూడా కలిసి ఉంది. లోపల గామా సమాధి ముందు జనం ఫొటోలు దిగుతుంటే, 1502లో రెండోసారి వచ్చినప్పుడు మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను అతడు మనుషులతో సహా తగలబెట్టించిన సంగతే నాకు గుర్తుకు వచ్చింది. సాలజార్ నియంతృత్వ కాలంలో, 1960లో, ఎదురుగా నది ఒడ్డునే కట్టిన నావికుల స్మారకం అయితే మరీ బడాయిగా తోచింది. యాత్రికులు లిస్బన్‌లో ముందుగా చూసేది బెలేంనే కాబట్టి, అక్కడితో ఆగిపోయినవారు ఈ ఊరిని చూసినట్టు కాదని నా అభిప్రాయం.

నా మనసు మెత్తబడడం కాళ్ల దగ్గర మొదలైంది. కోట కింది వాలులో, అల్ఫామా పేటలో నాకు గది దొరికింది. 1755 భూకంపానికి మిగతా నగరం చాలావరకు కూలినా ఈ పేట పెద్దగా చెదరలేదు కనుక, అరబ్బుల పాలన నాటి ఇరుకు సందుల అల్లిక ఇప్పటికీ అలాగే ఉంది. ఆటో కూడా దూరని సందులు అవి. నడుస్తూ నడుస్తూ ఉండగానే వీధి కాస్తా మెట్ల వరుస అయిపోతుంది, మెట్లు ఎక్కితే ఎవరి పెరట్లోకో వచ్చామేమో అనిపించే చిన్న చదును, అక్కడ ఒక కొళాయి, తలకు పైన తీగల మీద ఆరవేసిన దుప్పట్లు. 28వ నంబరు ట్రాము ఇదే కొండ ఎక్కుతుంది, పసుపుపచ్చ పాత పెట్టె, చూడ ముచ్చటగా ఉంటుంది కానీ వేసవిలో అందులో నిలబడడానికి కూడా చోటుండదు. నేను నడకకే అలవాటు పడ్డాను.

ఆ నడకలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపినవి కాలిబాటలు. ఊరంతా అవి అరచేతిలో పట్టే సున్నపురాతి ముక్కలతో పరిచినవే, తెల్లరాళ్ల మధ్య నల్లరాళ్లతో తీగలు, అలలు, నక్షత్రాలు. ఒకచోట మరమ్మతు జరుగుతుంటే తరగతికి ఆలస్యమవుతున్నా నిలబడి చూశాను. పనివాడు ఎత్తులేని పీట మీద కూర్చుని, ఎడమచేతిలో రాయి పట్టుకుని, సుత్తితో రెండు దెబ్బలలో దాని అంచు సరిచేసి, ఇసుక పరుపులో పక్కరాయికి ఒరిపించి దించుతాడు. కుదరకపోతే పైకి తీసి మరో ముఖం తిప్పుతాడు. అరచేతి మందంతో ఒకసారి తడిమి చూసుకుని ముందుకు జరుగుతాడు. మాట లేదు, తల ఎత్తడం లేదు. చినుకు పడితే ఈ రాళ్లు జారతాయి, పెద్దవయసువారికి ప్రమాదం కూడా, సిమెంటు బాటలు వేయాలని ఆ ఊరివారిలోనే కొందరు వాదిస్తారు. వాదం న్యాయమైనదే, అయినా నా ఓటు రాళ్లకే.

జూన్‌లో అక్కడ తొమ్మిది గంటలు దాటితే కానీ పొద్దు గుంకదు. మధ్యాహ్నం ఎండ మండినా, సాయంత్రమయ్యేసరికి ఉత్తరపు గాలి వీచి ఊరంతటినీ గడపల ముందుకు రప్పిస్తుంది. ఆ నెల 12వ తేదీ రాత్రి సెయింట్ ఆంథొనీ పండుగ. మన క్రైస్తవులు పాదువాపురి అంతోనిగా కొలిచే ఈ మహనీయుడు పుట్టింది లిస్బన్‌లో. పాదువా ఆయన సమాధి ఉన్న ఊరు మాత్రమేనని ఇక్కడివారు అడగకుండానే చెబుతారు. పెద్ద వీధిలో పేటకొక బృందం చొప్పున వేషాలు కట్టి, పాటలు పాడుతూ పోటీగా ఊరేగుతాయి. మా సందులో ఇంటింటి ముందూ బొగ్గుల కుంపటి, దాని మీద సార్డీన్ చేపలు, మన కోస్తాలో కవళ్లు అనే చేపకు దగ్గరి జాతి. కాలిన చేపను పళ్లెంలో కాకుండా మందపాటి రొట్టెముక్క మీద పెట్టి ఇస్తారు. వేళ్లతో చేపను తిన్నంతసేపూ దాని నూనె రొట్టెలోకి దిగుతుంది, చివరికి ఆ రొట్టెను తినడమే అసలు రుచి. అదే రాత్రి చిన్న కుండీలలో ఒక మొక్కను అమ్ముతారు, మన తులసి కుటుంబానిదే, ఆకులు ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, పైన కాగితపు పువ్వు, దానికి గుచ్చిన చీటీలో నాలుగు పాదాల ప్రేమ పద్యం. దాన్ని ముక్కు ఆనించి వాసన చూడకూడదట, వాడిపోతుందట. “చెయ్యి పెట్టమ్మా, ఆ చెయ్యి వాసన చూసుకో” అని అమ్మే అవ్వ వచ్చిన ప్రతి ఒక్కరికీ విసుగు లేకుండా చెబుతూనే ఉంది.

అయినా ఈ ఊరితో నాకు చుట్టరికం కలిసింది కార్ము చౌకులో అని చెప్పాలి. జకరాండా చెట్ల కింద రాలిన ఊదాపూలు, నడుమ పాత రాతి మంటపంలో నీటి ఊట, ఒక మూల కాఫీ అమ్మే చిన్న కొట్టు. ఒక పక్క పైకప్పు లేని పెద్ద చర్చి. 1755 నవంబరు 1, సకల పునీతుల పండుగ ఉదయం, గుళ్లన్నీ జనంతో, దీపాలతో నిండి ఉన్న వేళ భూమి కంపించింది. తరువాత నది ఉప్పెనై పైకి వచ్చింది. ఆపైన మంటలు రోజుల తరబడి రేగాయి. ఆ కప్పును మళ్లీ వేయకుండా వదిలేశారు, తోరణాల మధ్య ఇప్పుడు ఆకాశమే కనిపిస్తుంది. నది ఒడ్డున ఉన్న రాజమందిరంతో పాటు ఇండియా వ్యాపారం చూసే కచేరీ కాగితాలు కూడా ఆ రోజే పోయాయి. నేను వెతుకుతున్న లెక్కలలో ఎన్ని ఆ మంటలలో ఉన్నాయో అనుకుంటే ఆ చౌకులో కాఫీ చేదయ్యేది. కోట బురుజులో ఉన్న రాజ్య పత్రాల భాండాగారం, తోర్రె దు తోంబు, కూడా కూలింది, కానీ దాని అధికారి మాన్యుయెల్ ద మాయా డెబ్బై దాటిన వయసులో శిథిలాల నుంచి పత్రాలు ఏరించి, కోటలోనే చెక్క పాకలో భద్రపరచాడు. ఆ ముసలాయనే ప్రధాన ఇంజనీరు కూడా. కూలిన దిగువ నగరాన్ని తిన్నని వీధులతో ఎలా కట్టాలో పథకాలు గీసి ఇచ్చింది ఆయనే. గోడల లోపల చెక్క పంజరం అమర్చి, భూమి కంపించినా విరగకుండా ఊగే ఇళ్లు కట్టారు. ఊరిని నిలబెట్టినవారిలో కాగితాల విలువ తెలిసినవాడు ఒకడుండడం మా వృత్తివారికి గర్వం కలిగించే విషయం.

అదే చౌకులో 1974 ఏప్రిల్ 25న మరో మాయా, సల్గేరు మాయా అనే యువ కెప్టెను, ప్రధాని కయితాను దాక్కున్న సైనిక నివాసాన్ని చుట్టుముట్టి లొంగదీశాడు. తుపాకుల గొట్టాలలో జనం ఎర్ర కార్నేషన్ పూలు పెట్టిన తిరుగుబాటు అది. 1961లో గోవా చేజారినా ఒప్పుకోకుండా పంతం పట్టిన ప్రభుత్వం ఆ సాయంత్రంతో ముగిసింది. ఆ ఏడాది ముగిసేలోగా గోవా భారతదేశానిదేనని కొత్త ప్రభుత్వం సంతకం చేసింది. బెలేంలో నాకు కలిగిన కోపానికి జవాబు ఎవరో పండితుడు కాదు, ఈ ఊరి జనమే ఇచ్చుకున్నారని అక్కడ కూర్చుంటే తెలిసింది.

ఇక తోర్రె దు తోంబు ఇప్పుడు విశ్వవిద్యాలయపు ఆవరణలో, 1990లో కట్టిన కోటలాంటి భవనంలో ఉంది. పదహారో శతాబ్దపు గొలుసుకట్టు రాతను పట్టుకోవడానికి ఒక వేసవి ఏ మూలకూ చాలదు, చదివిన కాస్త గురించి వేరుగా రాయాలి. తిండి మాట చెప్పాలంటే, శాకాహారులకు లిస్బన్ కష్టమే. ఆకుకూర సూపులో కూడా మాంసపు ముక్క తేలుతుంది. మార్తీం మొనీజ్ అనే చౌకు చుట్టుపక్కల బంగ్లాదేశ్, నేపాల్ వారి కొట్లలో కరివేపాకు, కందిపప్పు దొరకడం వల్ల వారాంతాలు గడిచాయి.

ఆ కొట్లవారికీ, మా కింది వాటాలోని పెద్దావిడకూ బాధ ఒక్కటే, ఇంటి అద్దె. అల్ఫామాలో తలుపు పక్కన అంకెలు నొక్కితే తెరుచుకునే తాళంచెవుల పెట్టె ఉందంటే ఆ ఇంట్లో ఊరివారు లేరని అర్థం, మా మెట్ల మీద అలాంటివే ఎక్కువ. “నీతో మాట్లాడదామని మొదలుపెడతాను అమ్మాయీ, అంతలో నువ్వూ వెళ్లిపోతావు” అని ఆమె అన్నది ఫిర్యాదుగా కాదు, ఉన్న సంగతిగా. ఊరిని ప్రేమించేవారి రద్దీ వల్లే ఊరివారు ఊరు విడుస్తున్నారు, ఆ లెక్కలో నేనూ ఉన్నాను. అందుకే మళ్లీ వెళితే గది అల్వలాద్ పేట వైపు చూసుకోవాలని నిశ్చయించుకున్నాను. అక్కడ ఊరి కుటుంబాలే ఎక్కువ, విశ్వవిద్యాలయానికి నడిచే వెళ్లవచ్చు. అల్ఫామాకు సాయంత్రాలు వెళ్లి, ఆ పెద్దావిడ గుమ్మంలో కూర్చుంటే చాలు.