ఆల్ వీల్ టర్బో బండిని గీత మీద నుంచి లేపడం: నా అనుభవం

నల్లగొండలో ఈ బండిని చూసినవాళ్లు ముందుగా అడిగేది "ఎంత పోతది?" అనే. డ్రాగ్ స్ట్రిప్ (ఆగిన చోటు నుంచి నేరుగా పోటీపడే ట్రాక్) మీద అది పెద్ద ప్రశ్న కాదు. పావు మైలు అంటే 402 మీటర్లు. అందులో నాకు చేతకానిది మొదటి 18 మీటర్లు. టైమ్ స్లిప్పు మీద 60 అడుగుల టైమ్ అని పడేది దాని లెక్కే. అక్కడ పదో వంతు సెకను పోతే గీత చివరికి అది ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులవుతుంది.

బండి మిత్సుబిషి ఈవో టెన్. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, ఐదు గేర్ల మాన్యువల్, కంపెనీ క్లచ్, మామూలు రోడ్డు టైర్లు.

రెండు చక్రాలకే పవర్ వెళ్లే బండిలో లాంచ్, అంటే గీత మీద నుంచి లేపడం, తప్పితే టైర్లు తిరుగుతాయి. రబ్బరు పోతుంది, లోపలి సామాను బతుకుతుంది. నాలుగు చక్రాలూ పట్టుకుంటే ఆ వెసులుబాటు ఉండదు. ఇంజిన్ కూలబడాలి, లేదంటే క్లచ్ కాలాలి, లేదంటే గేర్‌బాక్స్‌లోనో, ముందు వెనక చక్రాలకు పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనో పన్ను విరగాలి. కాబట్టి జారేది క్లచ్చే కావాలి, అదీ నా పాదం చెప్పినంత సేపే.

నా మొదటి పరుగు 3500 ఆర్పీఎంలో. క్లచ్ టక్కున వదిలా. సూది 2000కి పడింది, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పోయింది, టర్బో మళ్లీ ఊపిరి తీసుకునేసరికి 60 అడుగులకు 2.3 సెకన్లు. పక్కవాడు అప్పటికే రెండో గేర్‌లో ఉన్నాడు. రెండో పరుగు 5000లో, మళ్లీ టక్కున. టైర్లు క్షణం జారి, పట్టి, మళ్లీ జారాయి. బండంతా దడదడలాడింది. దీన్నే వీల్ హాప్ అంటారు. యాక్సిల్స్, డిఫరెన్షియల్ విరిగేది ఎక్కువగా ఈ దడదడలోనే. అది మొదలైతే ఆ పరుగు మీద ఆశ వదులుకుని కాలు తీసేయాలి. తీసేశా. మూడోసారి భయంతో క్లచ్‌ను మరీ ఎక్కువసేపు జార్చా. 2.05 వచ్చింది, దాంతోపాటు మాడు వాసన కూడా. ఆ పరుగులోనే మూడో గేర్‌లో సూది పైకి పోతోంది, బండి ముందుకు పోవట్లేదు. వేడెక్కిన క్లచ్ జారుతోందన్నమాట.

తప్పు ఆర్పీఎంలో లేదు, పాదంలో ఉంది. అది దిద్దుకోవడానికి స్ట్రిప్ అక్కర్లేదు. మిర్యాలగూడలో తెలిసినవాళ్ల రైస్ మిల్లు ఉంది. పని లేని రోజున ఆవరణలో బండి పెట్టి, యాక్సిలరేటర్ ముట్టకుండా ఒక్క క్లచ్‌తోనే జానెడు కదిలించి ఆపడం, మళ్లీ కదిలించడం. అలా నలభై సార్లు, మధ్యలో క్లచ్‌ను చల్లారనిస్తూ. మడమ నేలకు ఆనించి, పాదం ముందు భాగంతోనే పెడల్ వదలాలి. మడమ గాల్లో ఉంటే తొడ కండరం పని చేస్తుంది, దానికి సన్నపు పని రాదు. పూర్తి లాంచ్ మాత్రం అక్కడ చేయలేదు. సిమెంటు మీద ఊక, దుమ్ము. అక్కడ దొరికే పట్టు చూసి నేర్చుకుంటే స్ట్రిప్ మీద అంతా తప్పే అవుతుంది.

అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు తెల్లారుజామున ఖాళీగానే ఉంటుంది కదా అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. సీజన్‌లో రోడ్డు పక్కనే వడ్లు ఆరబోసి రైతులు పడుకునే చోటది. పైగా పబ్లిక్ రోడ్డు మీద రేసింగ్ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కిందికి వస్తుంది. నా పరుగులన్నీ మూసేసిన ఎయిర్‌స్ట్రిప్ మీద, హెల్మెట్‌తో, బండి చెకింగ్ అయ్యాకే.

స్టేజింగ్, అంటే బండిని గీత దగ్గర సరిగ్గా నిలబెట్టడం, కూడా ఆ మిల్లు ఆవరణలోనే ముగ్గుపిండితో నేర్చుకున్నా. టైరును పసిగట్టే ప్రీ స్టేజ్, స్టేజ్ లైటు కిరణాల మధ్య దూరం ఏడంగుళాలు. రెండు గీతలు గీసి, ముందు టైరును మొదటి గీత మీద ఆపి, తర్వాత అంగుళం అంగుళం రెండోదాని దాకా జరపడం. స్టేజ్ లైటు వెలగగానే ఆగాలి. ఇంకా లోపలికి పోతే టైరు కిరణాన్ని వదిలే ముందు దొర్లే దూరం తగ్గుతుంది, గడియారం తొందరగా మొదలవుతుంది.

స్ట్రిప్‌కు వెళ్లాక నా వరుస ఇది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదల ఉన్నవి. తేడా ఉంటే ముందు వెనక యాక్సిల్స్ మధ్య ఉండే సెంటర్ డిఫరెన్షియల్ ఊరికే పనిచేస్తూ వేడెక్కుతుంది. గాలి 32 నుంచి 28 పీఎస్ఐకి, నాలుగింటిలోనూ సమానంగా. అంతకంటే తగ్గిస్తే టైరు పక్క గోడ మడతపడుతుంది. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో 98 న్యూటన్ మీటర్లు. ఏసీ ముందే ఆపేయాలి, దాని నీళ్లు గీత మీద కారితే తర్వాతివాడికీ నష్టమే. బర్నవుట్ (టైర్లను నిలబెట్టి తిప్పి వేడెక్కించడం) కోసం పోసిన నీళ్ల మీదకు పోకూడదు, పక్కనుంచి రావాలి. నాలుగు చక్రాల బండికి బర్నవుట్ అంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను కొట్టుకోవడమే. సెంటర్ డిఫ్ స్విచ్ టార్మాక్ (తారు రోడ్డు) మోడ్‌లో. స్టెబిలిటీ కంట్రోల్ బటన్‌ను పూర్తిగా ఆఫ్ అని వచ్చేదాకా నొక్కి పట్టాలి. ఒక్కసారి నొక్కి వదిలేస్తే సగమే ఆగుతుంది, సరిగ్గా లేవబోయేటప్పుడు అడ్డుపడుతుంది.

స్టీరింగ్ నేరుగా ఉందా అని రెండుసార్లు చూస్తా. చక్రం వంకరగా ఉండగా లేపితే ముందు యాక్సిల్ జాయింట్ మీద భారం పెరుగుతుంది.

స్టేజ్ అయ్యాక 5000 దగ్గర స్థిరంగా పట్టాలి. ఆగి ఉన్నప్పుడు కంపెనీ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అంతకు మించి పోనివ్వదు కూడా. సూదిని పైకీ కిందకీ ఆడించేవాళ్లు అది కింద ఉన్నప్పుడే పచ్చ లైటుకు దొరికిపోతారు. మామూలు ట్రీ (స్టార్ట్ లైట్ల స్తంభం) మీద మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో వస్తాయి, చివరి పసుపు తర్వాత ఇంకో అర సెకనుకు పచ్చ. పచ్చ చూసి కదిలితే ఆలస్యం. చివరి పసుపు వెలిగినప్పుడే పాదం కదలాలి.

పెడల్‌ను కింది నుంచి బైటింగ్ పాయింట్ (క్లచ్ పట్టడం మొదలయ్యే చోటు) దాకా వేగంగా తేవాలి, అక్కడ ఆపాలి. అదే క్షణంలో కుడికాలు పూర్తిగా కిందికి. అక్కడి నుంచి ఒక సెకను, మహా అయితే సెకనున్నర, పెడల్‌ను సాగదీస్తూ వదలాలి. సూది 4000కి తగ్గబోతే ఎడమ పాదం ఇంకొంచెం ఆగాలి, 5500 దాటబోతే తొందరపడాలి. కుడికాలును మాత్రం కదపకూడదు. బండి పది మీటర్లు పోయేసరికి క్లచ్ పూర్తిగా పట్టేయాలి. ఇలా చేసిన మొదటి పరుగు 1.94, ఆ రోజు మంచిది 1.86.

రెండో గేర్ అనుకున్నదానికంటే ముందే వస్తుంది. గ్యాస్ వదలకుండా గేర్ మార్చే పద్ధతి నేను పెట్టుకోలేదు, గేర్లను మెత్తగా కలిపే సింక్రో ఖరీదు మస్తుగా ఉంటుంది.

పరుగుకూ పరుగుకూ మధ్య అరగంట. తిరిగొచ్చేటప్పుడు క్యూలో క్లచ్ తొక్కి కూర్చోకుండా న్యూట్రల్‌లో పెడతా. బోనెట్ ఎత్తి, ఇంటర్‌కూలర్ మీద ఐసు మూట. మా దిక్కు ఎండలో ఇది లేకుంటే మూడో పరుగుకే ఇంజిన్ పీల్చే గాలి వేడెక్కి పవర్ తగ్గుతుంది. పెడల్ మెత్తబడినా, నేలకు అంటుకుని పైకి రాకపోయినా క్లచ్ ఆయిల్ మరిగిందని అర్థం. ఆ రోజుకు బండి ఆపేసి, ఇంటికొచ్చాక డాట్ 4 ఆయిల్ కొత్తది పోసి క్లచ్ పైపుల్లోని గాలి తీయించాలి. నాది ఐదో పరుగు తర్వాత అలాగే అయింది. ఆరోది చేయలేదు.